మాత్ర మింగితే ముద్ద తినాల్సిందే

షుగర్ పెరిగితే ఏమవుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. కళ్లు, కాళ్లు, కిడ్నీలు అని వరసగా లెక్కపెడతారు. మరి షుగర్ తగ్గితే? "తగ్గితే మంచిదే కదా, ఇంకేం కావాల!" అంటాం. నేనూ అట్లాగే అనేదాన్ని. రెండేళ్ల కిందట పార్వేట పల్లకి వచ్చిన రోజు మా అత్తను చూసిన తర్వాత ఆ మాట అనడం మానేశాను.

మాది ఆళ్లగడ్డ. అహోబిలం మాకు పాతిక కిలోమీటర్ల దూరం. కనుమ నాడు అహోబిలంలో బయలుదేరిన నరసింహస్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని స్వామే ఊరూరా వచ్చి పిలుస్తాడని మావాళ్ల నమ్మకం. పల్లకి వచ్చిన రోజు ఆ ఊరికి అదే పెద్ద పండగ. ఆడబిడ్డలు పుట్టిళ్లకు వస్తారు, కొత్త చీరలు కడతారు, వాకిళ్లలో కళ్లాపి చల్లి ముగ్గులు పెడతారు.

మా అత్త పుట్టినూరు ఇక్కడికి దగ్గర్లోని ఒక పల్లె. పల్లకి వచ్చే రోజు ఆమె ఎక్కడున్నా సరే అక్కడికి పోవాల్సిందే. స్వామికి కాయా కర్పూరం ఇచ్చేవరకూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. పెళ్లికాక ముందునుంచీ పట్టిన ఒక్కపొద్దు అది. ఆ ఏడాది ఆమెకు అరవై ఆరేళ్లు. అప్పటికి పదకొండేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున రెండు మాత్రలు, రాత్రి ఒకటి.

ఆ పొద్దున ఆమె చేతిలో మాత్రలు పెట్టింది నేనే. నీళ్లు అందించిందీ నేనే. మందు ఒక్కపూట కూడా మానకూడదన్న డాక్టరు మాట నాకు గట్టిగా గుర్తుంది. ఆమె ఆ రోజు ఏమీ తినదన్న సంగతీ తెలుసు. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి ఆలోచించాలని మాత్రం తట్టలేదు. డిగ్రీ చదివాను, నాలుగు కథలు రాశాను. ఏం లాభం!

మధ్యాహ్నానికి వస్తుందనుకున్న పల్లకి పక్క ఊళ్లోనే ఆగిపోయింది. నాలుగైంది, ఐదైంది. చలికాలం సాయంత్రం. మేమంతా కొంగులు కప్పుకుంటుంటే అరుగు మీద కూర్చున్న అత్త రవికె చెమటకు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. "ఏం అత్తా, అట్లుండావు?" అంటే, "నాకేమైంది? నీ పని నువ్వు చూసుకో పో" అని కసిరింది. పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషి, కాళ్లకు అడ్డమొచ్చిన మనవణ్ణి ఒక్కటి వేసింది. కాసేపటికి మాట తడబడింది. చూపు నిలవడం లేదు. ఏదో గొణుక్కుంటూ తల ఊపడం మొదలుపెట్టింది.

"సామి వచ్చినాడమ్మో ఆమె మీదికి!" అని వీధిలోని ఒక ముసలావిడ కేక పెట్టింది. అంతే. ఎవరో నుదుట కుంకుమ రుద్దారు. ఎవరో కర్పూరం వెలిగించారు. ఒకామె ముందుకొచ్చి, "సామీ, నా బిడ్డకు పెండ్లి ఎప్పుడు అయితాది?" అని అడుగుతోంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కూడా చేతులు జోడించి నిలబడ్డాను.

అప్పుడొచ్చింది అత్త తమ్ముడి కోడలు. ఏఎన్ఎం ఉద్యోగం చేస్తుంది. జనాన్ని తోసుకుని వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. ఒళ్లు చల్లగా, చెమటతో జారిపోతోంది. "అక్కా, అత్త పొద్దున్నుంచి ఏమన్నా తినిందా?" అంది. లేదన్నాను. "మాత్రలు?" వేసుకుందన్నాను. ఆమె ముఖం మారిపోయింది. సంచిలోంచి షుగర్ చూసే మిషన్ తీసి వేలు గుచ్చింది. 41 చూపించింది.

నైవేద్యానికని బిందెడు బెల్లం పానకం కలిపి దేవుడి ముందర పెట్టాం. ఆమె నేరుగా పోయి గ్లాసు ముంచింది. "సామికి పెట్టకముందే ఎంగిలి చేస్తావా!" అని ఒకావిడ అడ్డం పడింది. "సామికి ఇంకో బిందె కలుపుదాం లే. ఈమె పోతే యాడినుంచి తెస్తాం?" అంటూ ఆ పిల్ల ఆగలేదు. అత్తకు ఇంకా గుటక పడుతోంది గనుక కొద్దికొద్దిగా తాగించింది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 63. ఇంకో అర గ్లాసు పట్టింది. అరగంటకు అత్త కళ్లు నులుముకుని, "నా ముఖాన ఇంత కుంకం ఎవరు పెట్టినారే?" అంది. మనవణ్ణి కొట్టిన సంగతి ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు.

"లేచి కూర్చుంది కదా, ఇంక భయం లేదు" అన్నారందరూ. ఏఎన్ఎం ఒప్పుకోలేదు. ఇంత అన్నం, పప్పు తినిపించి, ఆటోలో ఆళ్లగడ్డ తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించింది. రాత్రి రెండు గంటలకు నర్సమ్మ చూస్తే మళ్లీ 58 ఉంది. ఇంటి దగ్గర పడుకోబెట్టి ఉంటే నిద్రపోతోందిలే అనుకునేవాళ్లం.

అసలు జరిగిందేమిటి?

మర్నాడు డాక్టరు మాకు అర్థమయ్యేటట్టు చెప్పారు. మన మెదడుకు గ్లూకోజే ముఖ్యమైన ఆహారం. రోజుకు సుమారు 120 గ్రాములు దానికొక్కదానికే కావాలి. మనం తినని వేళల్లో ఇబ్బంది రాకుండా కాలేయం సుమారు వంద గ్రాములు దాచిపెట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతుంది. అది తరిగేకొద్దీ కొత్తగా తయారు చేస్తుంది కూడా. క్లోమగ్రంథి ఇన్సులిన్ తగ్గించేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒకపూట పస్తున్నా పడిపోకపోవడానికి కారణం ఇదే.

మా అత్త వేసుకునే మాత్రల్లో ఒకటి గ్లిమెపిరైడ్. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ కూడా ఈ జాతివే. ఇవి క్లోమం నుంచి ఇన్సులిన్ పిండుతాయి. మీరు తిన్నారా, తినలేదా అన్నది వాటికి పట్టదు. ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా అంతే. తిండి లోపలికి రాకపోయినా ఉన్న చక్కెరను తోసేస్తూనే ఉంటాయి. వాటి పని చాలా గంటలు సాగుతుంది. పానకంతో లేచి కూర్చున్న మనిషికి అర్ధరాత్రి మళ్లీ తగ్గింది అందుకే. వయసు మీరినవాళ్లకు, కిడ్నీలు సరిగ్గా పనిచేయని వాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వేసుకునేవాళ్లలో ఇట్లా తగ్గడం అరుదు. కాబట్టి మీ ఇంట్లో వాడే మాత్ర ఏ జాతిదో ఈరోజే చీటీ తీసి చూసుకోండి, తెలియకపోతే డాక్టరును అడగండి.

షుగర్ 70 కంటే తగ్గితే మేలుకోవాలి. 54 కంటే తగ్గితే ప్రమాదం. మొదట ఒళ్లు హెచ్చరిస్తుంది. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి. ఆ హెచ్చరిక దాటితే మెదడు తడబడుతుంది. చూపు మసకబారడం, మాట ముద్దగా రావడం, కారణం లేని కోపం, మగత, చివరికి ఫిట్స్, స్పృహ తప్పడం. మన ముసలివాళ్లు ఉన్నట్టుండి విసుక్కుంటే "చాదస్తం" అంటాం, మాట తడబడితే "పక్షవాతమేమో" అని హడలిపోతాం. షుగర్ మందులు వాడే మనిషైతే ముందు వేలు గుచ్చి చూడండి. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికి వణుకు, గుండెదడ బయటికి కనిపించకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది.

అప్పుడు చక్కెరే మందు

మెలకువగా ఉండి, మింగగలిగితే మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగించాలి. సుమారు 15 గ్రాములు. పానకమైనా, అర గ్లాసు పండ్లరసమైనా సరే. 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేయాలి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. మిషన్ లేకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోకుండా చక్కెర ఇచ్చేయడమే మంచిది.

లడ్డు, పాలకోవా, చాక్లెట్ అందుబాటులో ఉన్నా మొదట అవి వద్దు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు వాడేవారికి మామూలు చక్కెర తొందరగా పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. షుగర్ 70 దాటాక అన్నమో రొట్టెనో తప్పకుండా తినిపించాలి, లేకపోతే మళ్లీ దిగిపోతుంది. మాత్రల వల్ల తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే.

స్పృహ లేని మనిషి నోట్లో చుక్క కూడా పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

మా ఇంటి కొత్త లెక్క

డాక్టరు మాత్ర మోతాదు తగ్గించారు. తిండి సంగతి నాకు అప్పజెప్పారు. "ఆమెకు ఏం పెట్టాలన్నదే కాదు, ఎన్ని గంటలకు పెట్టాలన్నదీ ముఖ్యమే" అన్నారు. అంతకుముందు మా ఇంట్లో అత్త తిండికి ఒక వేళ ఉండేది కాదు. షుగర్ ఉందని తీపి మాన్పించాం, అన్నం తగ్గించాం. ఎన్నింటికి తింటోందో ఎవరూ చూడలేదు.

ఇప్పుడు పొద్దున ఏడున్నరకు ముందు కంచం, దాని పక్కన మాత్ర. రెండు జొన్నరొట్టెలు, పప్పో, పుంటికూరో. మా నంద్యాల వైపు అందరికీ ఇష్టమైన ఉగ్గాని మాన్పించలేదు. కానీ బొరుగులు తొందరగా అరిగిపోతాయి, షుగర్ గబుక్కున ఎక్కి దిగిపోతుంది. అందుకని బొరుగులు తగ్గించి, పప్పుల పొడి బాగా పట్టించి, గుప్పెడు వేయించిన బుడ్డలు కలుపుతున్నాను. నూనెలో తేలే మిరపకాయ బజ్జీల బదులు ఉడికించిన గుడ్డు ఇస్తున్నాను.

పదిన్నరకు గ్లాసు మజ్జిగ. ఒంటిగంటకు కొర్రన్నమో, సగం గరిటె తగ్గించిన వరన్నమో, పప్పు, రెండు కూరలు. నాలుగున్నరకు ఉలవ గుగ్గిళ్లో, అలసంద గుగ్గిళ్లో, ఉడకబెట్టిన బుడ్డలో. రాత్రి ఎనిమిదికి మళ్లీ రొట్టె. పడుకునే ముందు షుగర్ తక్కువగా ఉన్న రోజు అర గ్లాసు పాలు.

కొర్రన్నం కొత్తదేం కాదు. మా అవ్వ కాలంలో రోజూ తిన్నదే. సన్నబియ్యం తినడం మొదలుపెట్టాక కొర్రలు పండగకో, రోగానికో మిగిలాయి. మన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 'సూర్యనంది' వంటి కొర్ర రకాలను ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలు చూస్తే, వంద గ్రాముల కొర్రల్లో మాంసకృత్తులు 12.3 గ్రాములు, పీచు 8 గ్రాములు. మర బియ్యంలో మాంసకృత్తులు 6.8 గ్రాములు, పీచు 0.2 గ్రాములే. పీచు, మాంసకృత్తులు ఉన్న తిండి నిదానంగా అరుగుతుంది, చక్కెరను కొంచెం కొంచెంగా వదులుతుంది. అట్లాగని కొర్రలను మందు అనుకోకండి. షుగర్ పడిపోయినప్పుడు కొర్రన్నం పెడితే అది ఎక్కేలోపు మనిషి పడిపోతుంది. పడిపోయినప్పుడు చక్కెర, పడిపోకుండా ఉండటానికి కొర్రలు.

ఇంకో మాట. ఇంట్లో మగవాళ్లు షుగర్ మందు వేసుకుని, ఖాళీ కడుపుతో మందు పుచ్చుకునే అలవాటుంటే మొహమాటపడకుండా చెప్పండి. సారా, బ్రాందీ ఏదైనా సరే, కాలేయం కొత్త గ్లూకోజు తయారు చేయకుండా అడ్డుపడుతుంది. అర్ధరాత్రి షుగర్ పడిపోతే చుట్టుపక్కలవాళ్లు "తాగి పడుకున్నాడులే" అనుకుంటారు.

షుగర్ లేనివాళ్ల సంగతి?

అత్త గొడవ అయ్యాక నాకు ఒక అనుమానం పట్టుకుంది. రోజూ పదకొండు గంటలకు నాకూ కళ్లు తిరుగుతాయి, చేతులు వణుకుతాయి. పిల్లలకు, ఆయనకు, అత్తకు పెట్టి, గిన్నెలు కడిగి, నేను తినేసరికి పన్నెండు అవుతుంది. "నాకూ లో షుగరే" అని తీర్మానించుకుని చెంచాడు చక్కెర నోట్లో వేసుకునేదాన్ని.

ఏఎన్ఎం పిల్లే నవ్వింది. "చూడకుండా ఎట్లా చెప్తావక్కా?" అంది. కళ్లు తిరుగుతున్నప్పుడే చూసింది. 86. షుగర్ బాగానే ఉంది! రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. నాది రక్తహీనత. చక్కెర తింటూ కూర్చుని ఉంటే ఏళ్లు గడిచిపోయేవి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువ. కాబట్టి కళ్లు తిరిగిన ప్రతిసారీ షుగర్ తగ్గినట్టు కాదు. 1938లో విపుల్ అనే అమెరికన్ సర్జన్ మూడు గుర్తులు చెప్పాడు. లక్షణాలు ఉండాలి, ఆ సమయంలో పరీక్ష చేస్తే షుగర్ తక్కువ ఉండాలి, చక్కెర ఇవ్వగానే తగ్గాలి. డాక్టర్లు ఇప్పటికీ ఈ మూడూ చూస్తారు.

అయితే షుగర్ జబ్బు లేకపోయినా కొందరికి భోంచేసిన రెండు నుంచి నాలుగు గంటలకు నిజంగానే తగ్గుతుంది. తీపి, తెల్లన్నం ఎక్కువగా తిన్నప్పుడు ఇన్సులిన్ అవసరానికి మించి వచ్చి చక్కెరను కిందికి లాగేస్తుంది. కడుపు ఆపరేషన్ అయినవాళ్లలో, కొందరు షుగర్ రాబోయేవాళ్లలో ఇది కనబడుతుంది. వీళ్లకు పైన చెప్పిన తిండే మేలు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం, ప్రతిసారీ పప్పో, గుడ్డో, పెరుగో కలుపుకోవడం, ఖాళీ కడుపుతో తీపి కాఫీ తాగకపోవడం. పరగడుపున గానీ నిద్రలో గానీ మళ్లీ మళ్లీ తగ్గుతుంటే తిండితో సరిపెట్టుకోకుండా డాక్టరుతో పరీక్షలు చేయించుకోవాలి.

ఒక్కపొద్దులు, రోజాలు

ఒక్కపొద్దు వద్దని నేను ఎవరికీ చెప్పను. శనివారాలు, ఏకాదశులు, మహానందిలో శివరాత్రి జాగరణ మన బతుకులో ఉన్నవే. కానీ మాత్రలు వేసుకునేవాళ్లు వారం ముందే డాక్టరును అడగాలి. ఆ రోజు ఏ మాత్ర తగ్గించాలో, ఏది వేళ మార్చాలో ఆయన చెబుతారు. సొంతంగా మానేయొద్దు, ఖాళీ కడుపుతో మింగనూ వద్దు.

మా ఎదురింటి అక్క రంజాన్ నెలంతా రోజా ఉంటుంది, ఆమెకూ షుగరే. 2001లో పదమూడు దేశాల్లో జరిగిన ఒక అధ్యయనంలో, మామూలుగా పెద్దవయసులో వచ్చే రకం షుగర్ ఉన్నవాళ్లలో రంజాన్ నెలలో షుగర్ తీవ్రంగా పడిపోవడం ఏడున్నర రెట్లు పెరిగిందని తేలింది. అందుకే షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే రోజా విడవాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలు గుచ్చుకుని చూసుకుంటే రోజా చెడదని మత పెద్దలే చెప్పారని ఆ అక్క నాతో అంది. ఇప్పుడు మా రెండిళ్లకూ ఒకటే మిషన్, సూదులు మాత్రం ఎవరివి వాళ్లవే. సహరికి ఆమె రొట్టె, పప్పు, పెరుగు కడుపునిండా తింటుంది.

మా అత్తను ఒప్పించడానికి మాత్రం ఏడాది పట్టింది. "యాభై ఏళ్ల ఒక్కపొద్దు. ఇప్పుడు తిని సామికి ఎట్లా ముఖం చూపించేది?" అని ఏడ్చింది. చివరికి ఆ ఏఎన్ఎం పిల్ల మాటే పనిచేసింది. "నీకిచ్చిన పానకం తాగినందుకు సామి కోపం చేసుకున్యాడా అత్తా? నీకు మాట తిరిగి వచ్చింది కదా" అంది. అత్త అప్పుడేమీ అనలేదు.

పోయిన పార్వేటకు మళ్లీ పోయినాం. డాక్టరు చెప్పినట్టు ఆ పొద్దున మాత్ర తగ్గించాం. ఏడున్నరకు అత్త కొర్ర ఉప్పిండి తినింది. అన్నం మాత్రం ముట్టలేదు, అది ఆమె మొక్కు. నడుమ మజ్జిగ, అరటిపండు, గుగ్గిళ్లు. మూడుసార్లు వేలు గుచ్చి చూశాను. పల్లకి రాత్రి ఎనిమిదికి వచ్చింది. కాళ్లు తడబడకుండా ఎదురుపోయి, తన చేత్తో హారతి ఇచ్చింది.

మా ఇంట్లో ఇంకో మార్పు కూడా వచ్చింది. పొద్దున ఏడున్నరకు అత్త కంచం ముందు కూర్చుంటుంది గానీ చెయ్యి పెట్టదు. "నీది యాడుంది కంచం? నువ్వు కూర్చుంటేనే నేను తినేది" అంటుంది. గిన్నెలు సింకులో వదిలి నేనూ కూర్చుంటున్నాను. మొన్న చూపించుకుంటే నా రక్తం 11.4కు వచ్చింది.